ఊ కొట్టే డబ్బా

శవాన్ని వరండాలో టార్పాలిన్ మీద పడుకోబెట్టారు. కుడిచేతి వేళ్ళు ఇంకా దేన్నో పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి.

సమయం మధ్యాహ్నం 1.20.

"వాల్వ్ చక్రం మేడమ్," అన్నాడు ఫైర్ ఆఫీసర్. "మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని బిగిస్తూనే పోయాడు. ఆ వేళ్ళు విడదీయడానికి ఇద్దరం పట్టాం."

ఇన్‌స్పెక్టర్ వంగి ఆ చెయ్యిని చాలాసేపు చూసింది. ఇరవై రెండేళ్ళ సర్వీసు. తెలియని సంగతిని తెలిసినట్టు తలాడించే అలవాటు ఆమెకు లేదు. అర్థమయ్యేదాకా అడుగుతూనే ఉంటుంది. అందుకే డిపార్ట్‌మెంట్‌లో చాటుగా ఆమెను 'మళ్ళీ చెప్పండి మేడమ్' అంటారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

చనిపోయిన మనిషికి యాభై ఎనిమిదేళ్ళు. ముప్పై ఏళ్ళుగా ఈ కోల్డ్ స్టోరేజ్‌లో మెషిన్లు చూస్తున్నాడు. అందరూ పెద్ద మేస్త్రి అంటారు. ఇక్కడ తొమ్మిది గదుల నిండా బంగాళాదుంపల బస్తాలు. ఆ గదుల్ని చల్లబరిచేది పైపుల్లో తిరిగే అమోనియా గ్యాస్. పైపుల అడుగున నూనె పేరుకుంటుంది. అప్పుడప్పుడు వాల్వ్ తిప్పి దాన్ని బయటికి వదలాలి. ఈ ఉదయం ఆ పని చేస్తుండగా వాల్వ్ సగంలో పట్టేసింది. నూనె వెనకాలే గ్యాస్ తన్నుకొచ్చింది.

మెషిన్ రూమ్ తలుపు బయట గోడకు ఒక మేకు ఉంది. దానికి గ్యాస్ మాస్క్ వేలాడుతోంది. ఫిల్టర్ కొత్తది. పట్టీలు మాత్రం చెమటకు నల్లబడి ఉన్నాయి. బాగా వాడిన మాస్క్.

"ఎవరిది?" అని అడిగింది ఇన్‌స్పెక్టర్.

"ఆయనదే మేడమ్," అన్నాడు మేనేజర్. నలభై అయిదేళ్ళ మనిషి, ఇస్త్రీ నలగని చొక్కా, మెత్తని గొంతు. "పెట్టుకోకుండానే లోపలికెళ్ళాడు. ముప్పై ఏళ్ళ అనుభవం కదా, ఆ ధీమాయే కొంప ముంచింది."

ఆమె నోట్‌బుక్‌లో 'మాస్క్ మేకుకే ఉంది' అని రాసి కింద గీత గీసింది.

మిగతాది మేనేజర్ చెప్పుకుపోయాడు. మెషిన్ రూమ్‌లో గ్యాస్ కొలిచే సెన్సర్ ఉంది. ఆవరణకు అవతల ఆఫీసు బిల్డింగ్‌లో కంట్రోల్ రూమ్ ఉంది. సెన్సర్ చెప్పే అంకె ఇరవై అయిదు దాటితే కంట్రోల్ రూమ్ కంప్యూటర్ మూడు పనులు చేస్తుంది. సైరన్ మోగిస్తుంది, పెద్ద ఫ్యాన్లు తిప్పి గ్యాస్‌ని బయటికి తోలుతుంది, ప్లాంట్ మొత్తం ఆపేస్తుంది. ఇవాళ వాల్వ్ పట్టేసింది 11.41కి. ఆ నిమిషంలో పైపులో ప్రెజర్ పడిపోయినట్టు మెషిన్ మీటర్‌లో ఉంది. సైరన్ మోగింది 11.53కి.

"పన్నెండు నిమిషాలు ఏమైంది సైరన్?"

మేనేజర్ గొంతు తగ్గించాడు. ఆపరేటర్ సైరన్‌ని మ్యూట్‌లో పెట్టి ఉంటుందని, చిన్న వయసు, నిర్లక్ష్యమని, తనకు చెప్పడానికే నోరు రావడం లేదని అన్నాడు.

"నోరు రాకపోవడం దేనికి?"

"ఆ అమ్మాయి పెద్ద మేస్త్రి కూతురు మేడమ్."

హెడ్ కానిస్టేబుల్ వచ్చినప్పట్నుంచి అమోనియా ఘాటుకి తుమ్ముతూనే ఉన్నాడు. ఆ మాటకి ఆ తుమ్ము కూడా ఆగిపోయింది.

*

కంట్రోల్ రూమ్‌లో ఒకే కుర్చీ, ఒకే స్క్రీన్. కుర్చీలో ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి. కళ్ళు పొడిగా ఉన్నాయి. ఏడుపు ఇంకా ఆమెదాకా రాలేదు.

"డ్యూటీ ఎన్నింటికి ఎక్కావమ్మా?"

"ఎనిమిదికి."

"గ్యాస్ అంకె ఎంత ఉంది?"

"సున్నా."

"ఎప్పటిదాకా?"

"పదకొండు యాభై మూడు దాకా సున్నానే మేడమ్. తర్వాత ఒక్కసారిగా ఎర్రగా అయింది. సైరన్ మోగింది."

"మధ్యలో సైరన్‌ని మ్యూట్ చేశావా?"

ఆ అమ్మాయి స్క్రీన్ వైపు చూసింది. తర్వాత కిటికీలోంచి కనిపిస్తున్న మెషిన్ రూమ్ వైపు చూసింది.

"చేశానేమో," అంది.

"ఏమో అంటే?"

"చేశాను మేడమ్. నేనే చేశాను. రాసుకోండి."

ఇన్‌స్పెక్టర్ రాసుకోలేదు. తప్పు చేసినవాళ్ళు ఒప్పుకోవడం ఆమె చాలాసార్లు చూసింది. వాళ్ళు ముందు నీళ్ళు నములుతారు, తర్వాత ఒక కారణం చెబుతారు. ఈ పిల్ల కారణం చెప్పలేదు. పైగా ఎవరో అడ్డం వస్తారన్నట్టు తొందరపడుతోంది. ఎవర్నో కాపాడుతోంది. కానీ కాపాడడానికి మిగిలిందెవరు? తండ్రి టార్పాలిన్ మీద ఉన్నాడు.

ఆ సాయంత్రం 4.30కి ఒక ముసలి హమాలీ చెప్పింది విన్నాక ఆమెకు ఇంకా చిరాకేసింది. 11.46కి అతను మెషిన్ రూమ్ తలుపు అద్దంలోంచి చూశాడట. లోపల తెల్లగా పొగ. పెద్ద మేస్త్రి మోకాళ్ళ మీద ఉన్నాడు. చెయ్యి కదులుతోంది. వాల్వ్ తిప్పుతున్నాడు. తలుపు తెరవబోతే కళ్ళు మండిపోయి వెనక్కి పడ్డాడు. వెంటనే ఫోన్ తీశాడు.

"ఎవరికి చేశావు తాతా?"

"మేనేజర్‌గారికమ్మా. గ్యాస్ అంటే ముందు ఆయనకే చెప్పాలి, ఇంకెవరికీ చెప్పొద్దని గోడ మీదే రాసుంటది గదా." ముసలాయన ఫోన్ చూపించాడు. కాల్ 11.47కి వెళ్ళింది. "నేను చూసుకుంటా, నువ్వు అక్కడే ఉండు అన్నారు. ఉన్నాను. ఆ చెయ్యి ఆగిపోయేదాకా చూస్తా ఉన్నాను."

చెప్పి తలపాగా తీసి మొహం కప్పుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ అతని పక్కనే బస్తా మీద కాసేపు కూర్చుంది.

*

మర్నాడు ఉదయం 10.30కి నెట్‌వర్క్ టెక్నీషియన్ వచ్చాడు. నాలుగైదు కంపెనీలకు కేబుళ్ళు, రౌటర్లు చూసే మనిషి. ప్రతిదీ పాఠంలా చెబుతాడని అందరూ తీగల మాస్టారు అంటారు. ప్రమాదం రోజు అతను వేరే కంపెనీలో ఉన్నాడు. ఇక్కడి గేటు రిజిస్టర్‌లో అతను అడుగుపెట్టింది మధ్యాహ్నం 2.05కి.

మొదటి ప్రశ్నకే ఒక ముడి విడిపోయింది. మ్యూట్ నొక్కితే కంప్యూటర్‌లో టైముతో సహా రికార్డవుతుంది. నిన్న ఎవరూ నొక్కలేదు. అంటే ఆ అమ్మాయి చెప్పింది అబద్ధం.

"మరి సైరన్ ఎందుకు మోగలేదు?"

"సెన్సర్ సున్నా అని చెప్పింది కాబట్టి మేడమ్."

"గది నిండా గ్యాస్ ఉంటే సెన్సర్ సున్నా అని ఎలా చెబుతుంది? మళ్ళీ చెప్పండి. మొదట్నుంచి."

తీగల మాస్టారికి ఇంతకంటే కావలసిందేముంది. కుర్చీ లాక్కుని మొదలెట్టాడు. రెండు మెషిన్లు మాట్లాడుకోవాలంటే ముందే ఒక ఒప్పందం ఉండాలి. ఎవరు ముందు నోరు తెరవాలి, ఎలా అడగాలి, విన్నానని ఎలా చెప్పాలి అన్న ఒప్పందం. దాన్నే ప్రోటోకాల్ అంటారు. కంప్యూటర్ ముందు 'ఉన్నావా?' అంటుంది. సెన్సర్ 'ఉన్నా, నా మాట వినపడుతోందా?' అంటుంది. కంప్యూటర్ 'వినపడుతోంది' అంటుంది. ఆ మూడు పలకరింపులూ అయ్యాకే అసలు మాట. పది సెకన్లకోసారి 'గ్యాస్ ఎంత?' అని కంప్యూటర్ అడుగుతుంది. సెన్సర్ అంకె చెబుతుంది. ప్రతి మాటా ఒక చిన్న కవరులో వెళ్తుంది. దాన్ని ప్యాకెట్ అంటారు. ప్యాకెట్ మీద పంపినవాడి అడ్రసు, అందుకునేవాడి అడ్రసు ఉంటాయి.

"ఆ జవాబు సెన్సరే చెప్పిందని కంప్యూటర్‌కి ఎలా తెలుసు?"

"అడ్రసు చూసి."

"అడ్రసు ఎవరైనా రాయొచ్చు కదా? నేను మీ పేరు మీద ఉత్తరం రాసినట్టు."

"రాయొచ్చు మేడమ్. ఈ ప్రోటోకాల్ పాతది. అడిగిన పద్ధతిలో జవాబొస్తే చాలు. ఆ జవాబు నిజమా కాదా అని అడగదు."

ఆమె ఆ మాట కూడా రాసుకుంది.

అదృష్టం కొద్దీ ఇంకో సంగతి బయటపడింది. నెల రోజులుగా కంట్రోల్ రూమ్ స్క్రీన్ అప్పుడప్పుడు ఒక్క క్షణం బిగుసుకుపోతోందట. కారణం పట్టుకుందామని మాస్టారు ఎనిమిది రోజుల కిందట ఆ కంప్యూటర్‌లో ఒక రికార్డింగ్ పెట్టాడు. వచ్చిన ప్రతి ప్యాకెట్టూ అందులో పడుతుంది. పెట్టి మరిచిపోయాడు.

స్క్రీన్ మీద వరసలు వరసలుగా అంకెలు వచ్చాయి. మాస్టారు తనకు కావలసిన గడులే చూశాడు. 'సున్నా, సున్నా, సున్నా' అంటూ వేలు కిందికి జరిపాడు. 11.53 దాటి పది సెకన్లకు సెన్సర్ కొలవగల అతి పెద్ద అంకె. సెన్సర్ పన్నెండు నిమిషాలు మొద్దుబారి మళ్ళీ పనిచేసి ఉంటుందని తేల్చేశాడు.

ఇన్‌స్పెక్టర్‌కి ఏ గడి ముఖ్యమో తెలియదు. అందుకని అన్ని గడులూ చదివింది. గంటా పది నిమిషాలు చదివింది. హెడ్ కానిస్టేబుల్ రెండుసార్లు టీ తెచ్చి, రెండుసార్లు చల్లారిన టీ పట్టుకెళ్ళాడు.

"మాస్టారూ, ఈ గడి ఏంటి? మొన్నంతా అరవై రెండు ఉంది. నిన్న పొద్దున తొమ్మిది పద్నాలుగు నుంచి అరవై నాలుగు. మళ్ళీ పదకొండు యాభై మూడుకి అరవై రెండు."

తీగల మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నాడు. మొహంలో రంగు మారింది.

"అది టీటీఎల్ మేడమ్. ప్యాకెట్ ఆయుష్షు. పుట్టినప్పుడు అరవై నాలుగు. దారిలో ఒక్కో రౌటర్ దాటినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది. దారి తప్పిన ప్యాకెట్లు ఎప్పటికీ తిరుగుతూ ఉండకుండా ఆ ఏర్పాటు."

"మెషిన్ రూమ్ నుంచి ఇక్కడికి ఎన్ని రౌటర్లు?"

"రెండు. అక్కడొకటి, ఈ బిల్డింగ్‌లో ఒకటి."

"అంటే అరవై రెండు రావాలి."

"రావాలి."

"అరవై నాలుగు వచ్చిందంటే?"

అతని గొంతు కిందికి దిగింది. "ఒక్క రౌటర్ కూడా దాటలేదు మేడమ్. ఆ జవాబు మెషిన్ రూమ్ నుంచి రాలేదు. ఈ బిల్డింగ్‌లోనే పుట్టింది. ఆ రౌటర్‌కీ ఈ కంప్యూటర్‌కీ మధ్యలో."

ఇద్దరూ కేబుల్ వెంట నడిచారు. అది కంట్రోల్ రూమ్ గోడలోంచి వరండాలోకి వెళ్ళి, మేనేజర్ గది పక్కనున్న ఇనప అల్మరాలో ఆగింది. అల్మరాకి రెండే తాళంచెవులు. ఒకటి మాస్టారి నడుముకి వేలాడుతోంది. ఇంకోటి మేనేజర్ దగ్గర.

లోపల రౌటర్ తప్ప ఏమీ లేదు. రౌటర్ మీద మందంగా దుమ్ము. దాని పక్కన మాత్రం అగ్గిపెట్టెంత మేర దుమ్ము లేకుండా శుభ్రంగా ఉంది.

*

పెద్ద మేస్త్రి లాకర్ తెరిచింది ఆ మధ్యాహ్నం 2.40కి. మడిచిన తువ్వాలు, స్పానర్లు, కూతురు చిన్నప్పటి పాస్‌పోర్ట్ సైజు ఫోటో. తువ్వాలు మడతలో ఒక కాగితం. కార్బన్ కాపీ. దానిమీద ఇరవై మూడు రోజుల కిందటి తేదీ.

దాన్ని చదివి ఇన్‌స్పెక్టర్ జేబులో పెట్టుకుంది. నేరుగా ఆయన ఇంటికి వెళ్ళింది.

ఇంటి నిండా చుట్టాలు. భార్య ఒక మూల గోడకి చేరగిలబడి ఉంది. కూతుర్ని ఇన్‌స్పెక్టర్ పెరట్లోకి పిలిచి గట్టు మీద కూర్చోబెట్టింది.

"మ్యూట్ నొక్కలేదు నువ్వు. ఎందుకు నొక్కానన్నావు?"

ఆ అమ్మాయి గట్టు అంచుని గోటితో గీకుతూ కూర్చుంది.

"అగ్గిపెట్టెంత ఉంటుంది. దానికి రెండు వైపులా కేబుల్ దూర్చే కంతలుంటాయి. ఏంటమ్మా అది?"

అప్పుడొచ్చింది ఏడుపు. దాన్ని ఆపమని ఇన్‌స్పెక్టర్ అనలేదు.

ఏడుపు మధ్యలో కథంతా వచ్చింది. నూనె తీసినప్పుడల్లా కాస్త గ్యాస్ ఎలాగూ బయటికొస్తుంది. ఆ కాస్తకే అంకె ఇరవై అయిదు దాటుతుంది. సైరన్ మోగి ప్లాంట్ ఆగిపోతుంది. మళ్ళీ నడపడానికి నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలూ మేనేజర్ అందరి ముందూ పెద్ద మేస్త్రిని నిలబెట్టి తిట్టేవాడు. తండ్రి వయసు మనిషి తలొంచుకుని నిలబడటం కూతురు ఆ కిటికీలోంచే చూసేది. చూడలేక ఒక డబ్బా తయారుచేసింది. చిన్న కంప్యూటర్, నలభై లైన్ల ప్రోగ్రాం. సెన్సర్‌కీ కేబుల్‌కీ మధ్య దాన్ని పెడితే, 'గ్యాస్ ఎంత?' అని అడిగినప్పుడల్లా అదే సెన్సర్ పేరుతో 'సున్నా' అంటుంది. మిగతా మాటలన్నీ అటూ ఇటూ పోనిస్తుంది. కథ చెబుతుంటే నిద్రలో కూడా ఊ కొట్టే పిల్లల్లా ఉందని తండ్రి నవ్వి దానికి ఊ డబ్బా అని పేరు పెట్టాడు. నూనె తీసే అరగంటా దాన్ని మెషిన్ రూమ్‌లోనే పెట్టేవాడు. పని కాగానే తీసేవాడు.

"నిన్న కూడా నాన్నే పెట్టుకున్నాడు మేడమ్. ఎలాగో పీకేసరికి ఆలస్యమైపోయింది. నేను చేసిన డబ్బానే ఆయన్ని మింగింది. ఆ సంగతి బయటికొస్తే తప్పంతా నాన్నదే అంటారు. ముప్పై ఏళ్ళు చేసిన మనిషిని దొంగంటారు. అందుకే నా మీద వేసుకున్నాను."

"డబ్బా పెట్టుకున్న రోజు మీ నాన్న మాస్క్ వేసుకునేవాడా?"

ఆ అమ్మాయి తలెత్తింది.

"వేసుకోకుండా ఎలా వెళ్తాడు? సైరన్ మోగదని తెలుసు కదా. మాస్క్ పెట్టుకుంటానంటేనే డబ్బా ఇస్తానని ఒట్టు వేయించుకున్నాను."

"డబ్బా లేని రోజు?"

"దానితో సరిగ్గా కనపడదు, ఊపిరాడదు అని మేకుకే వదిలేసేవాడు. నువ్వున్నావుగా, సైరన్ ఉందిగా అనేవాడు."

ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడింది. "రేపు నాలుగింటికి కంట్రోల్ రూమ్‌కి రా అమ్మా."

*

మూడో రోజు సాయంత్రం 4.00.

కంట్రోల్ రూమ్‌లో అయిదుగురు. మేనేజర్, తీగల మాస్టారు, ముసలి హమాలీ, కూతురు, తలుపు దగ్గర హెడ్ కానిస్టేబుల్. ఇన్‌స్పెక్టర్ స్క్రీన్ పక్కన నిలబడింది.

ఊ డబ్బా సంగతి ఆమె దాచకుండా చెప్పేసింది. ఎవరు తయారుచేశారో, ఎందుకో, ఏం చేస్తుందో. హమాలీ నోరు తెరుచుకుని విన్నాడు. మేనేజర్ తల అడ్డంగా ఊపాడు.

"చూశారా మేడమ్. నేనేదో ఆ అమ్మాయి నిర్లక్ష్యమనుకున్నాను. తండ్రీకూతుళ్ళిద్దరూ కలిసి కంపెనీ కళ్ళకు గంతలు కట్టారన్నమాట. తన గొయ్యి తనే తవ్వుకున్నాడు పాపం."

"నేనూ ఒక పూట అలాగే అనుకున్నాను," అంది ఇన్‌స్పెక్టర్. "కానీ మేకుకి మాస్క్ వేలాడుతోంది. సైరన్ మోగదని తెలిసిన రోజు ఆయన మాస్క్ లేకుండా ఆ గుమ్మం దాటడు. మొన్న మాస్క్ వదిలేసి వెళ్ళాడు. అంటే సైరన్ పనిచేస్తోందని నమ్మాడు. డబ్బా పెట్టింది ఆయన కాదు."

"ఆయన కాకపోతే ఈ అమ్మాయి."

"ఈ అమ్మాయికి ఆ అల్మరా తాళంచెవి లేదు." ఆమె స్క్రీన్ మీద వేలు పెట్టింది. "మెషిన్ రూమ్ నుంచి వచ్చే ప్రతి జవాబు మీదా అరవై రెండు ఉంటుంది. మొన్న తొమ్మిది పద్నాలుగు నుంచి వచ్చిన జవాబుల మీద అరవై నాలుగు. ఒక్క గుమ్మం కూడా దాటని జవాబులవి. మీ గది పక్క అల్మరాలో పుట్టాయి. తాళంచెవులు రెండు. మాస్టారు మధ్యాహ్నం రెండు దాటాక వచ్చారు."

"ఆయనే ఎప్పుడో పెట్టి ఉండొచ్చు కదా."

ఇన్‌స్పెక్టర్ రికార్డింగ్ వెనక్కి జరిపింది. అంతకు ముందు మంగళవారం కూడా అరవై నాలుగు ఉంది. 9.05 నుంచి 3.40 దాకా. ఆ రోజు తీగల మాస్టారు గేటు రిజిస్టర్‌లోనే లేడు. పెద్ద మేస్త్రి సెలవులో ఉన్నాడు. ఆ రెండు రోజులకీ ఒకటే పోలిక. రెండు రోజులూ గేటు ముందు లోడింగ్‌కి లారీలు బారులు తీరాయి. ప్లాంట్ ఆగితే లారీలు వెనక్కి పోతాయి. నెల రోజులుగా స్క్రీన్ బిగుసుకుపోవడం కూడా అందుకే. ముందు మెషిన్ రూమ్‌లోనైనా, తర్వాత అల్మరాలోనైనా, డబ్బాని మధ్యలో పెట్టినప్పుడూ తీసినప్పుడూ లైను ఒక్క క్షణం తెగుతుంది.

"డబ్బా మేస్త్రి దగ్గరుంటే నా అల్మరాలోకి ఎలా వస్తుంది మేడమ్?" మేనేజర్ గొంతులో మెత్తదనం పోయింది.

ఆమె జేబులోంచి కార్బన్ కాపీ తీసి చదివింది.

"'అనుమతి లేకుండా వాడుతున్న పరికరాన్ని ఈ రోజు మేనేజర్‌గారికి అప్పగించాను. ఇకమీదట ఇలాంటి తప్పు చేయనని రాసిచ్చాను. క్షమించగలరు.' కింద పెద్ద మేస్త్రి సంతకం. దాని కింద 'ముట్టినది' అని మీ సంతకం. ఇరవై మూడు రోజుల కిందట."

కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఈ సంగతి తండ్రి ఇంట్లో చెప్పలేదు. ఆ తర్వాత నూనె తీయడం మొన్ననే మొదలు కాబట్టి ఆమెకూ తెలియలేదు. సిగ్గుపడి ఉంటాడు.

"ఆయన దగ్గర లాక్కుని తప్పని రాయించుకున్నారు. అదే తప్పు మీరు చేశారు. ఆయనకు మాత్రం చెప్పలేదు. అక్కడితో ఆగినా దీన్ని నిర్లక్ష్యం అనేదాన్ని. పదకొండు నలభై ఏడుకి మీకు ఫోనొచ్చింది. అప్పటికి ఆయన చెయ్యి కదులుతోంది. ఈ గదికి ఒక్క ఫోన్ చేసి ఫ్యాన్లు తిప్పమంటే ఈ అమ్మాయి చేత్తోనే తిప్పేది. చేశారా?"

మేనేజర్ కిటికీ వైపు తల తిప్పుకున్నాడు.

"చేయలేదు. లోడింగ్ దగ్గర్నుంచి నడుచుకుంటూ గదికొచ్చి, తాళంచెవి తీసుకుని, అల్మరా తెరిచి, డబ్బా పీకారు. సెన్సర్ నిజం చెప్పడం మొదలెట్టింది యాభై మూడుకి. ఆరు నిమిషాలు. అవి మనిషికి కాకుండా డబ్బాకి ఖర్చుపెట్టారు."

"ప్లాంట్ ఆగితే నా ఉద్యోగం పోతుంది మేడమ్," అన్నాడు మేనేజర్. "అంత గ్యాస్ అనుకోలేదు. ముందు అది తీసేస్తే అన్నీ వాటంతట అవే తిరుగుతాయనుకున్నాను."

"డబ్బా ఎక్కడ?"

అతని చూపు తన గది వైపు పోయింది. హెడ్ కానిస్టేబుల్ వెళ్ళి రెండు నిమిషాల్లో తిరిగొచ్చాడు. టేబుల్ సొరుగులోనే ఉంది. మూడు రోజులైనా పారేయలేదు. ఎందుకు పారేయలేదో గోడ మీద లోడింగ్ షెడ్యూల్ చూస్తే తెలిసింది. వచ్చే గురువారం పద్నాలుగు లారీలు ఉన్నాయి.

అతన్ని జీపెక్కించేటప్పుడు ముసలి హమాలీ గేటు దాకా వెనకే నడిచాడు. తిట్టలేదు, కొట్టలేదు. 'అక్కడే ఉండు అన్నారు గదా బాబూ, ఉన్నాను' అని ఒక్కమాట అని వెనక్కి తిరిగాడు.

*

సాయంత్రం 5.25. గదిలో ఇద్దరే మిగిలారు.

ఆ అమ్మాయి స్క్రీన్‌కేసి చూస్తోంది. పది సెకన్లకోసారి సున్నా వస్తోంది. ఆమె చూపు సున్నా మీద లేదు. పక్క గడిలో అరవై రెండు మీద ఉంది.

"తప్పు మీ నాన్నది కాదమ్మా. సైరన్ వినకపోవడం నీ తప్పూ కాదు. మోగనిది ఎవరు వింటారు?"

"డబ్బా నేను చేసిందే కదా మేడమ్."

ఇన్‌స్పెక్టర్‌కి అబద్ధం చెప్పి ఓదార్చడం చేతకాదు. "నువ్వు చేసిందే," అంది. కోర్టు దాన్ని ఎలా చూస్తుందో తను చెప్పలేనని, స్టేట్‌మెంట్‌లో రాయక తప్పదని చెప్పింది. ఆ అమ్మాయి కాగితం ముందుకు లాక్కుంది. నాలుగు వాక్యాలు రాసి పెన్ను ఆపింది.

"ఇంకో లైను రాయాలనుకున్నాను మేడమ్."

"రాయి."

"ఇందులో కాదు. అప్పుడు, ప్రోగ్రాంలో. సెన్సర్ చెప్పేది మరీ ఎక్కువైతే సున్నా అనొద్దు, నిజమే చెప్పు అని. ఒక్క లైను. రాయడానికి కూర్చుంటే నాన్న అన్నానికి పిలిచాడు. మాస్క్ ఉందిగా, ఇంకెందుకే, చల్లారిపోతుంది రా అన్నాడు. వెళ్ళాను. తర్వాత మరిచిపోయాను."

బయట మెషిన్ రూమ్‌లో కొత్త మెకానిక్ పని మొదలెట్టాడు. మాస్క్ పెట్టుకునే వెళ్ళాడు. మేకు ఖాళీగా ఉంది.

ఇన్‌స్పెక్టర్ చెయ్యి ఆ అమ్మాయి తల మీదకి వెళ్ళింది. ఇరవై రెండేళ్ళలో మళ్ళీ చెప్పమని అడగలేకపోయింది ఆ ఒక్క మాటనే.

"ఇది కూడా రాయనా మేడమ్?"

"రాయమ్మా."

ఆ అమ్మాయి అది కూడా రాసి సంతకం పెట్టింది.